చూద్దాంగారి చెల్లెలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. అది లైసెన్సు మీదా, ఆఫీసు తలుపుకు కొట్టిన ఇత్తడి పలక మీదా ఉండేదిగాని మనుషుల నోట్లో మాత్రం ఎక్కడా వినపడేది కాదు. ఓడరేవు రోడ్డులో నిలబడి ఆ పేరుతో అడిగితే ఎవరైనా తెల్లమొహం వేస్తారు. చూద్దాంగారి ఆఫీసు ఎక్కడండీ అంటే మాత్రం టైర్లకు గాలి కొట్టేవాడు కూడా పని ఆపి, తన కొట్టు పక్కనున్న ఇనప మెట్లు చూపిస్తాడు. పైన ఒకే గది. కిటికీలోంచి చూస్తే క్రేనుల మెడలు కనిపిస్తాయి, సముద్రం కనపడదు. రేవులో బతికేవాళ్ళకు సముద్రంతో పనేముంది లెండి.

ఆయన కస్టమ్స్ ఏజెంటు. పరాయి దేశాల నుంచి సరుకు తెప్పించుకునే వర్తకుల తరఫున కాగితాలు పెట్టి, సుంకం కట్టించి, పెట్టె గేటు దాటేదాకా దాని వెంటబడి తిరిగే మనిషి. ఈ పనిలో సరుకు బరువు కన్నా రూలు బరువు ఎక్కువ. నిన్నటిదాకా సుంకం లేని వస్తువుకు ఇవాళ సుంకం పడుతుంది. ఇవాళ అనుమతి అక్కర్లేనిదానికి రేపు అనుమతి కావాలంటారు. ఓడ నడిసముద్రంలో ఉండగానే ఇక్కడ రూలు మారిపోతుంది, ఆ సంగతి ఓడకేం తెలుసు పాపం. పొద్దున్నే పైనుంచి కొత్త ఉత్తర్వులు దిగుతాయి. వాటి భాష చదివినవాడికి అర్థం కాదు, రాసినవాడికి అసలే అర్థం కాదు అని రేవులో ఒక జోకు. ఆ భాషను బట్ట పిండినట్టు పిండి, అందులోంచి నాలుగు మామూలు మాటలు తీసి, ఫోన్లో రికార్డు చేసి తన వర్తకులందరికీ పంపడం ఆయనకు కాఫీ తాగడం లాంటి అలవాటు.

ఆ రికార్డులు వినితీరాలి. “బొమ్మలవాళ్ళు వినండి. బ్యాటరీ ఉన్న బొమ్మకి ఇకమీదట పరీక్ష కాగితం కావాలి. బ్యాటరీ తీసేసి తెప్పిస్తాం అని తెలివితేటలు చూపించకండి. బ్యాటరీ పెట్టే గది కనిపించినా పట్టుకుంటారు.” ఇలా ఉండేది ఆయన ధోరణి. పోటీ ఏజెంట్లు కూడా దొంగచాటుగా తెప్పించుకుని వినేవారు. ఆఫీసర్లు కూడా వింటారని చెప్పుకునేవారు.

రూలు ఏమిటంటే ఇంత అద్దంలా చెప్పే మనిషి, అయితే నన్నేం చేయమంటారు అని మీరు అడగ్గానే మాత్రం ఒక్క ముక్క అనేవాడు. చూద్దాం. తెప్పించమంటారా? చూద్దాం. ఆపేయమంటారా? చూద్దాం. గోడమీద పిల్లి అందామా అంటే, పిల్లి ఎప్పటికైనా ఏదో ఒక పక్కకు దూకుతుంది. ఈయన గోడమీదే కాపురం పెట్టాడు.

ఈ అలవాటు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పితే వచ్చింది. తొలిరోజుల్లో ఒక ముసలి ఏజెంటు దగ్గర పనిచేసేవాడు. నేలకు పరిచే పలకలు తెప్పించే వర్తకుడొకడు ఏదో అడిగితే, ఏం పరవాలేదు తెప్పించుకోండి అని ఉదారంగా అనేశాడు. సరుకు వచ్చేలోపల రూలు తిరగబడింది. వర్తకుడు ఆఫీసుకొచ్చి అందరిముందూ చొక్కా పట్టుకున్నాడు. ఆ మనిషి వెళ్ళాక ముసలాయన ఈయన్ని కూర్చోబెట్టి, ఈ వ్యాపారంలో అవునన్నవాడూ చెడ్డాడు, కాదన్నవాడూ చెడ్డాడు, నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అనలేదు, ఇకమీదట చూద్దాం అను, బతికిపోతావు అన్నాడు. పెద్దల మాట చద్దిమూట అని మనవాడు ఆ ఒక్క మూటతోనే జీవితమంతా వెళ్ళదీశాడు.

మరి వర్తకులు ఎలా వేగేవారంటారా? వాళ్ళు ఆ మాటను ఈయన మొహంలో చదవడం నేర్చుకున్నారు. కళ్ళజోడు పైకి తోసి టక్కున చూద్దాం అంటే, భేషుగ్గా తెప్పించుకో అని. చూద్దాంలెండి అని సాగదీస్తే, ఆశ వదులుకో అని. చూద్దాం చూద్దాం అని రెండుసార్లంటే, నాకు పనుంది ముందు లేచి వెళ్ళు అని. తల తిప్పి కిటికీలోంచి క్రేను వైపు చూస్తూ అన్నాడా, ఆగు, ప్రమాదం ఉంది, నేను కనుక్కునేదాకా కదలకు అని. అద్దాల వర్తకుడైతే కనుబొమ ఎటు లేచిందో చూసి సరుకు తెప్పించేవాడు, ఒక్కసారీ దెబ్బతినలేదు. చూద్దాంగారి భార్య లెక్క వేరు. మా ఆయన చూద్దాం అంటే లేదని, చూద్దాంలే అంటే మర్చిపోయారని, అని చెప్పి నవ్వేది. వంటింటి గొట్టం కారుతోందని ఆయనకు చెప్పడం మానేసి, తనే పనివాణ్ణి పిలిపించుకునేది.

ఇన్ని అర్థాలున్న మాటకు ఒకే ఒక్క అర్థం తెలిసిన మనిషి లోకంలో ఒకరుండేవారు. ఆయన చెల్లెలు.

వాళ్ళ నాన్న కుదరదు అనే మనిషి. పిల్లలు ఏమడిగినా ముందు కుదరదు అనేసి, తర్వాత ఏమడిగారో వినేవాడు. చెల్లెలు చిన్నపిల్ల, అన్నయ్య అప్పటికే ఉద్యోగంలో చేరాడు. నాన్న కుదరదన్న ప్రతిదీ ఆ పిల్ల మెల్లిగా అన్నయ్య చెవిలో వేసేది. ఆయన చూద్దాం అనేవాడు. కొన్నాళ్ళకు సైకిలు వచ్చేది. మళ్ళీ చూద్దాం అనేవాడు, భూతద్దం వచ్చేది. మొక్కల చదువు చదువుతానంటే నాన్న ఇంటిపైకప్పు లేచిపోయేలా అరిచాడు, అన్నయ్య గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చూద్దాం అన్నాడు. ఆ పిల్ల వెంటనే వెళ్ళి పెట్టె సర్దుకుంది. ఆమెకు సంబంధించినంతవరకు అన్నయ్య చూద్దాం అన్నాడంటే ఆ పని అయిపోయినట్టే. ఒక్కసారి కూడా అది తప్పలేదు. ఆయనేమో తన మాటకు ఆ ఇంట్లో అలాంటి అర్థం స్థిరపడిపోయిందని ఎన్నడూ గమనించలేదు. మన నోటి మాట మనకన్నా అవతలివాళ్ళకే బాగా తెలుస్తుంది, అదే వచ్చిన చిక్కు.

చదువయ్యాక ఆమె ఊరి చివర, మూసేసిన మిల్లు గోడ పక్కన నర్సరీ పెట్టింది. పచ్చటి నీడ వలలు, తడి ఇటుకల దారి, మూల రేకుల గది. కుండీల మొక్కలు అమ్మడం బతుకు కోసం. ప్రాణం మాత్రం లిల్లీల మీద. ఒక లిల్లీ పుప్పొడి తీసి ఇంకో లిల్లీకి అంటించడం, గింజ కట్టడం, అది మొలిచి గడ్డ ఊరి పువ్వు పూసేదాకా ఏళ్ళ తరబడి కాపలా కాయడం, పూశాక ఇది కాదు అని పెదవి విరవడం. ఇదీ ఆమె వరస. అన్నయ్య వేళాకోళం చేసేవాడు. మొగుడు దొరకడం కూడా ఇంత ఆలస్యం కాలేదు నీకు అనేవాడు. ఆమె చేతుల మట్టి దులుపుకుంటూ, మొగుణ్ణి పండించక్కర్లేదుగా అనేది.

చివరికి ఒక ఏడు ఆమె కోరుకున్న పువ్వు పూసింది. తెల్లటి పువ్వు, లోపల గొంతు దగ్గర లేత ఇటుక రంగు. ఆ రంగు అంచుల దాకా రాకుండా సగంలో ఆగిపోయేది. ఆమె అన్నయ్యను పిలిచి చూపిస్తే, ఆయనకు పువ్వుల గురించి ఏమీ తెలియకపోయినా, కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ వంగి చూశాడు. అలాంటిది లోకంలో ఇంకెక్కడా లేదు. ఆమె చేతుల్లో పుట్టింది.

ఒకటీ అరా గడ్డలతో ఏ పువ్వూ నిలబడదు. వాటిని వందల్లోకి పెంచాలంటే చలి కావాలి, అద్దాల గదులు కావాలి. అవి ఉన్న ఒక చలిదేశపు తోటలో పెంచి పంపడానికి ఒప్పందం కుదిరింది. తల్లి గడ్డలు దాదాపు అన్నీ అక్కడికే పంపింది. ఎందుకైనా మంచిదని ఇక్కడ అట్టేపెట్టుకున్న నాలుగు గడ్డలు ఆ వానాకాలంలోనే కుళ్ళిపోయాయి. అంచేత ఆ పువ్వు ఇప్పుడు మొత్తంగా ఆ దేశంలోనే ఉంది. అది తిరిగి వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. తెప్పించే ఏజెంటు ఎవరంటారా, ఇంకెవరు, ఇంట్లోనే ఏజెంటును పెట్టుకుని వీధిలో వెతుక్కుంటారా?

అక్కడ పెరిగిన గడ్డలు ఇటు పంపడానికి సిద్ధమయ్యే రోజుల్లోనే కొత్త ఉత్తర్వు వచ్చింది. బయటినుంచి వచ్చే పూలగడ్డల్ని అక్కడే వేడినీళ్ళలో ముంచి శుద్ధి చేయాలి, చేసినట్టు ఆ దేశపు సర్టిఫికెట్లో ఒక వాక్యం ఉండాలి, లేకపోతే సరుకు దేశంలోకి రానివ్వరు. కారణం చిన్నది కాదు. గడ్డ లోపల కంటికి కనపడని నులిపురుగు ఒకటి ఉంటుందట, మట్టిలో పడిందంటే చుట్టుపక్కల తోటలు తోటలు తినేస్తుంది. చూద్దాంగారు ఇదంతా తన రికార్డులో శుభ్రంగా చెప్పాడు, ఫలానా తేదీ నుంచి అమలు అని కూడా చెప్పాడు. ఒక్క సంగతి ఉత్తర్వులో సరిగా లేదు. ఆ తేదీ అనేది సరుకు అక్కడ ఓడ ఎక్కిన తేదీయా, ఇక్కడ దిగిన తేదీయా? అది కనుక్కుని చెబుతానని రికార్డు ముగించాడు.

ఆ మధ్యాహ్నమే చెల్లెలు ఫోన్ చేసింది. ఆయన కస్టమ్స్ హాల్లో, కాగితాలు తీసుకునే కిటికీ ముందు వరసలో ఉన్నాడు. ముందు ఒక్క మనిషే ఉన్నాడు, వెనక ఎవరో మోచేత్తో పొడుస్తున్నారు. తల్లి గడ్డలతో సహా అన్నీ పెట్టెల్లో సర్దేశారని, ఓడ సిద్ధంగా ఉందని, వేడినీళ్ళ శుద్ధి మాత్రం జరగలేదని, దానికి మళ్ళీ విప్పి సర్దాలంటే తర్వాతి ఓడ దాకా ఆగాలని ఆమె గబగబా చెప్పింది. చివరికి అడిగింది, “ఎక్కించమననా అన్నయ్యా?”

ఆయన తల తిప్పి పక్క గోడ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, “చూద్దాం.”

ఏ వర్తకుడైనా ఎదురుగా ఉండి ఆ తల తిప్పడం చూసుంటే వెంటనే అర్థం చేసుకునేవాడు. ఆగు, కదలకు, నేను కనుక్కుంటాను అని. ఆయన మనసులో ఉన్నదీ అదే. ఫోన్లో తల తిప్పడం ఎలా కనిపిస్తుంది? ఆమెకు వినిపించింది సైకిలు తెచ్చిన మాట, చదువు చెప్పించిన మాట. సరే అన్నయ్యా అంది, ఎంత సంతోషంగా అందో ఆయనకు తర్వాత చాలా రోజులు చెవుల్లో మోగింది. అప్పుడు మాత్రం, భారం నామీద పడేసింది కదా, అందుకే ఆ సంతోషం అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అడగాల్సినవాళ్ళని ఆ రోజే అడిగుంటే ఈ కథ లేదు. ఆ సాయంత్రమే నట్లూ బోల్టుల మీద సుంకం పెరిగింది. ఊళ్ళో ఉన్న ఇనప సామాను వర్తకులంతా ఆయన మెట్లమీద పడ్డారు. తన సొంత చెల్లెలి పని కదా, ఇంటిపని కదా, అది ఎక్కడికి పోతుంది, ముందు బయటివాళ్ళది చూద్దాం అనుకున్నాడు. సొంతవాళ్ళ పని వెనక్కి నెట్టడం మనలో చాలామందికి మంచితనంలాగే అనిపిస్తుంది. నాకు మాత్రం అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

కొన్ని రోజులు పోయాక, వేరే పనిమీద మొక్కల తనిఖీ ఆఫీసుకు వెళ్ళినప్పుడు గుర్తొచ్చి అడిగాడు. దిగిన తేదీయే లెక్క అన్నారు. హమ్మయ్య, ఎక్కించకపోవడం ఎంత మంచిదైంది అనుకుని భోజనానికి వెళ్ళాడు. చెల్లెలికి సాయంత్రం చెబుదాం అనుకున్నాడు. ఆ సాయంత్రం వచ్చింది, ఇంకో సాయంత్రం కూడా వచ్చింది. ఆపిన పనే కదా, చెప్పడానికి తొందరేముంది?

ఓడ కంపెనీ వాళ్ళు, మీ సరుకు రేవులో దిగింది అని కబురు పంపినప్పుడు, చిరునామా తప్పు పడిందనుకున్నాడు ముందు. రెండోసారి చదివితే అందులో చెల్లెలి నర్సరీ పేరే ఉంది. ఫోన్ చేస్తే చెల్లెలు ఎగిరి గంతేసినంత పనిచేసింది. పందిరి కింద మడులు కట్టించానంది, ఇసుక తెప్పించానంది.

“అసలు నిన్నెవరు ఎక్కించమన్నారే?” అన్నాడాయన.

“నువ్వే కదా.”

“నేనా? ఎప్పుడన్నాను?”

“అదేంటి అన్నయ్యా. అడిగితే చూద్దాం అన్నావుగా.”

ఆయనకు సైకిలు గుర్తొచ్చింది, గుమ్మం దగ్గర చెప్పులు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే, ఆ పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదని తెలిసిపోయింది. సంగతి ఏమిటో ఫోన్లోనే చెప్పాడు. ఆమె ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. నువ్వుండగా ఏమవుతుందిలే, ఏదో ఒకటి చేస్తావు అంది చివరికి. ఆయనకు కావలసింది తిట్లు, దొరికింది నమ్మకం.

చేయగలిగిందంతా చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా పట్టుకున్నాడు. మొక్కల తనిఖీ అధికారిణి పెద్దమనిషి, మర్యాద తెలిసిన మనిషి. ఆమె ముందు కూర్చుని, ఎక్కిన తేదీ ఎందుకు లెక్కలోకి రాకూడదో చాలాసేపు వాదించాడు. తన సర్వీసులో ఎవరికోసమూ అలా వాదించి ఎరగడు. ఆమె అంతా విని, “మీ రికార్డులు నేనూ వింటానండీ. ఈ రూలు ఎందుకు పెట్టారో మీరు చెప్పినంత బాగా మాకు కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, వదలమంటారా?” అంది. ఆయన ఆ దారి వదిలేసి ఇంకో దారి పట్టాడు. ఇక్కడే వేడినీళ్ళలో ముంచుకుంటాం అంటే, రేవులో ఆ ఏర్పాటు లేదు. వెనక్కి పంపుతాం అంటే, ఒకసారి పొలిమేర దాటిన గడ్డను ఆ దేశం కూడా తిరిగి రానివ్వదు. పుట్టింటికీ అత్తింటికీ కాకుండా పోయాయి ఆ గడ్డలు. ఇక మిగిలింది, రానివ్వని సరుకును తగలబెట్టే రేవు కొలిమి.

తగలబెట్టేటప్పుడు సరుకు తాలూకు మనిషీ, ఏజెంటూ ఇద్దరూ ఎదురుగా ఉండాలని రూలు. చెల్లెలు నర్సరీ నుంచి తిన్నగా అలాగే వచ్చింది, గోళ్ళలో మట్టితో. రేవు వెనక, ఎత్తైన గోడ పక్కన సిమెంటు గచ్చు మీద చల్లటి పెట్టెలు దించారు. మూత తీస్తే రంపపు పొట్టు వాసన వచ్చింది. ఆమె పొట్టు పక్కకు జరిపింది. గడ్డలు అప్పుడే మొలకెత్తుతున్నాయి. ఒక్కోదానికి కొనమీద లేత ముక్కు. ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఒక్కోటీ వేలితో తాకింది. పిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టుంది తప్ప సరుకు చూస్తున్నట్టు లేదు.

అధికారిణి కొలిమి దగ్గరి మనిషితో మాట్లాడటానికి అవతలికి వెళ్ళింది. కావాలనే వెళ్ళిందో, పనిబడే వెళ్ళిందో తెలియదు. కూలీలు అటు తిరిగి నిలబడ్డారు. పెట్టెల దగ్గర అన్నాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. చెల్లెలి అరచేతిలో ఒక గడ్డ ఉంది. భుజానికి వేలాడుతున్న సంచి మూతి తెరిచే ఉంది.

“అన్నయ్యా,” అంది నెమ్మదిగా. “ఒక్కటి. ఒక్కటి చాలు నాకు. తీసుకోనా?”

ఒక్కటి ఉంటే ఆ పువ్వు బతుకుతుంది. ఎన్నేళ్ళకైనా మళ్ళీ పెంచుకోవచ్చు. గడ్డల్ని ఎవరూ లెక్కపెట్టలేదు, పెట్టబోరు కూడా. అదంతా ఆయనకు తెలుసు. ఆ ఒక్కదాని కడుపులోనే పురుగు ఉండొచ్చని, మిల్లు గోడ అవతల కూరగాయలు పండించుకునే వాళ్ళున్నారని కూడా తెలుసు. ఒకరికి వదిలితే ఇంకొకరికి ఎందుకు వదలకూడదని రోజూ ఫోన్లో ఊళ్ళోవాళ్ళకు చెప్పేది తనే. చెల్లెలు ఆయన మొహం వైపే చూస్తోంది. ఆ చూపులో చిన్నప్పటి పిల్ల ఉంది. ఏ జవాబు వస్తుందో ఆమెకు తెలుసు. దానికి అర్థం ఏమిటో కూడా తెలుసు.

“వద్దు,” అన్నాడు.

ముసలాయన దగ్గర ఆ మాట నేర్చుకున్నాక ఎవరికీ అంత సూటిగా జవాబు చెప్పలేదు ఆయన. ఆమె ఇంకాసేపు చూసింది, సరిగా వినలేదేమో అన్నట్టు. తర్వాత ఆ గడ్డను దాని గుంటలోనే పెట్టి, పైన పొట్టు కప్పింది. మిగతాది రూలు ప్రకారం జరిగిపోయింది. సంతకం పెట్టమన్నచోట పెట్టింది. ఇంటికి దింపుతానంటే, బస్సు ఉందిలే అన్నయ్యా అని వెళ్ళిపోయింది.

ధర్మం ఆయన పక్షానే ఉంది, నేను కాదనను. ఆ మాట ఆయనకు నేను చెప్పక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన్ని తినేసింది ధర్మం సంగతి కాదు. వద్దు అనే రెండక్షరాలు ఆయన నోట్లో ఉన్నాయి. ఉన్నాయని ఆ రోజు కొలిమి దగ్గర తెలిసింది. అవే రెండక్షరాలు హాల్లో వరసలో నిలబడి ఫోన్లో అనుంటే, పువ్వు చలిదేశంలో హాయిగా పడుకుని, శుద్ధి చేయించుకుని తర్వాతి ఓడలో వచ్చేది. కాపాడే రోజున నోరు రాలేదు, చంపే రోజున వచ్చింది. భార్యకు చెప్పుకుంటే ఆమె దెప్పిపొడవలేదు. ఎప్పుడూ చురక వేసే మనిషి ఆ రోజు మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి పక్కన కూర్చుంది. దాంతో ఆయనకు ఇంకా కష్టమైంది.

ఆ తర్వాత చూద్దాం అనే మాట ఆయన నోటికి రావడం మానేసింది. అద్దాల వర్తకుడు ఏదో అడిగితే, వద్దు, తెప్పించకండి అన్నాడు. ఆ వర్తకుడు బెంబేలెత్తిపోయి, కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చి, మీ ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఇంకొకరికి, తెప్పించుకోండి నాదీ పూచీ అన్నాడు. వాళ్ళు అనుమానంతో వేరే ఏజెంటును కనుక్కుని, ఆయనా అదే చెప్పాక తెప్పించుకున్నారు. పేరు మాత్రం చూద్దాంగారే. ముద్రపడ్డ పేరు చస్తేగాని పోదు.

చెల్లెలు పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. ఎప్పటిలాగే ఇంటికి వచ్చేది, వదినతో వంటింట్లో కూర్చుని పకపకా నవ్వేది, అన్నయ్య మోకాలి నొప్పి గురించి కేకలేసేది. నర్సరీ మాట మాత్రం ఎత్తేది కాదు. ఉండబట్టలేక ఒకసారి ఆయనే అడిగాడు, ఈ ఏడు గడ్డలేమైనా తెప్పిస్తున్నావా అని. లేదన్నయ్యా, ఇప్పుడన్నీ ఆకుల మొక్కలే, అవే బాగా పోతున్నాయి అంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. ఆయన నమ్మాడు. నమ్మి, ఇంకో ఆశ పెట్టుకున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఫోన్ చేస్తుంది, ఇది తెప్పించనా అని అడుగుతుంది, అప్పుడు అవునో కాదో వెంటనే చెబుతాను అని. హాల్లో వరసలో ఉన్నా ఫోన్ మోగితే పక్కకు వచ్చేసి మాట్లాడేవాడు. ఆమె నుంచి అలాంటి ఫోన్ రాలేదు.

ఆ మరుసటేడో ఆ పైయేడో, హాల్లో బెంచీ మీద కూర్చుని ఉండగా ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఏజెంటు, మొహంలో ఇంకా బెరుకు పోలేదు. ఒక్క డౌటు సార్ అంటూ పక్కన కూర్చుంది. చలిదేశం నుంచి పూలగడ్డలు రావాలి, శుద్ధి చేశామని సర్టిఫికెట్లో ఉంది కానీ ఎంత వేడిలో ముంచారో రాయలేదు, సరిపోతుందా, ఓడ ఎక్కించమననా? ఆయన కళ్ళజోడు సర్దుకుని, సరిపోదమ్మా అన్నాడు, వేడి ఎంతో, ఎంతసేపో రెండూ ఉండాలి, అవి రాయించుకున్నాక ఎక్కించమను, అప్పుడు ఏ ఇబ్బందీ రాదు అన్నాడు. సూటిగా, ముక్కకు ముక్కగా చెప్పాడు. అమ్మాయి మొహం విప్పారింది.

ఏం గడ్డలమ్మా, ఎవరివి అని మాటవరసకు అడిగాడు. లిల్లీలు సార్, ఊరి చివర మిల్లు పక్కన నర్సరీ ఒకటి ఉంది కదా, ఆవిడవి అంది. పాత రకం ఏదో పోయిందట, మళ్ళీ మొదటి నుంచీ తయారు చేసుకుంటున్నారట, దానికి ఈ గడ్డలు కావాలట. చెబుతూ చెబుతూ అమ్మాయి నవ్వింది.

“మిమ్మల్ని అడగమన్నది కూడా ఆవిడే సార్. హాల్లో పాత ఏజెంటు ఒకాయన ఉంటారు, రూల్స్ ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, ఆయన్నే అడుగు అన్నారు. కానీ అవునో కాదో నోటితో చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలొద్దన్నారు. మీరేమో అడగ్గానే చెప్పేశారు.”

పాత ఏజెంటు ఒకాయన. ఆయన ఆ మాటను లోపల రెండుసార్లు అనుకున్నాడు. కిటికీ దగ్గర ఎవరి వంతో పిలిచారు, ఎవరో లేచి వెళ్ళారు.

“మీకు తెలుసా సార్ ఆవిడ?” అని అడిగింది అమ్మాయి, కాగితాలు సంచిలో పెట్టుకుంటూ.

“తెలుసమ్మా,” అన్నాడు.

ఎలా తెలుసో చెప్పలేదు. చెల్లెలు చెప్పుకోని వరసను తాను చెప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు.